చల్కలో ఏ చెట్టు, రేగడిలో ఏ చెట్టు

తెలంగాణ పల్లెల చుట్టూ ఉండే పలచని అడవిలో చెట్లు ఎడంగా ఉంటాయి, నడుమంతా గడ్డే. బీడులో అలాంటి అడవిని మళ్లీ లేపాలంటే ముందు మన్ను చూడాలి.

వానలకు ముందే మోకాలి లోతు గుంత తవ్వండి. పిడికెడు మన్ను తడిపి బొటనవేలితో చూపుడువేలి మీద పట్టీలా సాగదీయండి. రెండు అంగుళాలు దాటినా తెగకపోతే రేగడి, అంటే నల్ల బంకమన్ను. ఉండ కూడా కట్టకుండా రాలితే దుబ్బ, అంటే ఇసుక మన్ను. ఎర్రగా, గరుగ్గా ఉండి కొంచెం సాగి తెగేది చల్క. తర్వాత గుంత నిండా నీళ్లు పోయండి. మర్నాటికీ నిలిచే ఉంటే అక్కడ ఏగిస చెట్టు పెట్టొద్దు, వేరు కుళ్లుతుంది.

చల్కకు రేల, తునికి, ఏగిస, ఇప్ప. రేగడికి నల్లతుమ్మ, నల్లమద్ది. మోదుగ రెంటిలోనూ బతుకుతుంది, కొంత చౌడునూ ఓర్చుకుంటుంది. ఏం పెట్టాలో తేలకపోతే దానితోనే మొదలుపెట్టండి.

ఎక్కువ మంది దెబ్బతినేది గింజ దగ్గరే. ఇప్ప గింజను ఎండబెట్టి దాస్తే చచ్చిపోతుంది. పండు రాలిన రెండు వారాల్లోపే విత్తాలి. రేల గింజ దీనికి పూర్తిగా వ్యతిరేకం. దాని పెంకు నీటిని లోపలికి రానివ్వదు. మరిగిన నీళ్లు పొయ్యి మీంచి దించి, గింజలు వేసి రాత్రంతా వదిలేయండి. ఉబ్బినవి విత్తండి. ఉబ్బనివాటిని గరుకు కాగితం మీద ఒక పక్క రుద్ది మళ్లీ నానేయండి. మోదుగ కాయ చివర ఒకే గింజ ఉంటుంది, కాయను అలాగే పాతితే చాలు.

మన్ను జానెడు లోతు తడిశాకే, వీలైతే నేరుగా పొలంలోనే, అంగుళం లోతున విత్తండి. సంచిలో పెరిగిన మొక్కకు తల్లివేరు అడుగున చుట్టుకుంటుంది. నాటేటప్పుడు ఆ చుట్టు కోసేయకపోతే వేరు లోతుకు దిగదు, వేసవిలో మొక్క ఎండుతుంది. గుంతలో మాగని పేడ వేయకండి, చెదలు పడతాయి. మొక్కకూ మొక్కకూ ఆరు మీటర్లు వదలండి. మొదలు చుట్టూ మీటరు మేర కలుపు తీస్తే చాలు. మిగతా గడ్డి వాననీటిని ఆపుతుంది, దాన్ని దున్నొద్దు. రేగడి ఎండి నెర్రెలిస్తే వేళ్లు తెగుతాయి. అందుకే చలికాలంలోనే ఎండుగడ్డి పరచండి, మొదలుకు బెత్తెడు దూరంలో. మేకలు రాకుండా రేగు కంప నాటండి.

తునికి, ఏగిస మొక్కలు మొదటి కొన్నేళ్లు ఎండాకాలంలో పైకి పూర్తిగా ఎండిపోతాయి. చచ్చాయని పీకేయకండి. వేరు బతికే ఉంటుంది, తొలకరికి మళ్లీ చిగురిస్తుంది.