పెరట్లో డ్రమ్ము స్మోకర్: వేడి నిలవాలంటే

డిసెంబర్‌లో హనుమకొండలో పొద్దుగూకిందంటే చలిగాలి డ్రమ్ము స్మోకర్‌కు (బొగ్గుల వేడికి, పొగకు మాంసం నిదానంగా వండే ఇనప డ్రమ్ముకు) కొట్టి 110–120 డిగ్రీల వేడి అస్సలు నిలవదు, ఊరికే బొగ్గులు వేస్తూ కూర్చోవాలి. పల్చటి రేకు కదా, వేడంతా బయటికే.

ముందు మూత చూడండి. అంచుల్లోంచి పొగ కారుతుంటే చుట్టూ ఎంత కప్పినా దండగే, వేడికి ఆగే గ్లాస్‌ఫైబర్ తాడు అతికించండి. తర్వాత 25 మిల్లీమీటర్ల సిరామిక్ ఊల్ (వేడిని ఆపే సిరామిక్ పోగుల) దుప్పటిని బయటివైపు మాత్రమే చుట్టి, తీగతో బిగించి, పైన పల్చటి రేకు తొడగండి. ఆ ఊల్ పోగులు ఊపిరితిత్తుల్లోకి పోతాయి, మాస్కు, గ్లౌజులు తప్పనిసరి. థర్మాకోల్ వద్దే వద్దు, కరిగిపోతుంది.

అంత ఖర్చెందుకు అంటారా, రైస్ మిల్లు నుంచి ఊక తెచ్చి మట్టిలో కలిపి, డ్రమ్ముకు కోడిజాలి చుట్టి రెండంగుళాల మందం మెత్తండి. నీడలో నిదానంగా ఆరాలి, పగుళ్లొస్తే మళ్లీ అలకండి. పైన కప్పు లేకపోతే మాత్రం మొదటి వానకే పోతుంది.

గాలి రంధ్రాలు మాత్రం మూయొద్దు. కాకపోతే ఇలా కప్పాక తక్కువ గాలే చాలు, పాత అలవాటుకొద్దీ బార్లా తెరిచిపెట్టి మొదటి నాటుకోడిని నేను బొగ్గు చేశాను.