వెల్స్ నవలల్లో థీమ్‌ను పట్టుకోవడం ఎలా

మహబూబ్‌నగర్‌లో డిగ్రీ పిల్లలకు నేను ఇంగ్లిష్ చెప్తాను. ఇంగ్లిష్ నవలాకారుడు హెచ్.జి. వెల్స్ మీద ప్రశ్న వస్తే చాలామంది థీమ్ అంటూ గైడులోని నాలుగు మాటలు దించేస్తారు: వర్గ పోరాటం, పరిణామవాదం, సామ్రాజ్యవాదం, సైన్స్ దుర్వినియోగం. తప్పేమీ లేదు. కానీ నవల తెరవని వాళ్లు కూడా ఆ మాటలు రాయగలరు. నాకు బాధ కలిగించేది ఇంకొకటి: పాలమూరు పిల్లలకు అందరికన్నా బాగా అర్థం కావలసిన రచయిత ఆ మాటల వెనక వాళ్లకు అందకుండా పోతున్నాడు.

ముందు 'ది టైమ్ మెషీన్' తీసుకోండి. 1895 నాటిది, చిన్న నవల. వెల్స్ 1946లో చనిపోయాడు, మన దేశంలో ఆయన పుస్తకాల కాపీరైట్ గడువు ఎప్పుడో తీరింది. ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ వెబ్‌సైట్ నుంచి ఫోన్‌లోకి ఉచితంగా దించుకోవచ్చు. చదివేటప్పుడు థీమ్ సంగతి పక్కన పెట్టి, కథలో కనిపించే వస్తువుల మీద కన్నేసి ఉంచండి.

8,02,701వ సంవత్సరానికి వెళ్లిన కాలయాత్రికుడికి ఇలోయ్ అనే అందమైన, సున్నితమైన మనుషులు కనిపిస్తారు. పండ్లు తింటారు, ఆడుకుంటారు, పూలతో పొద్దుపుచ్చుతారు. వాళ్ల బట్టలు బాగున్నాయి. కాళ్లకున్న చెప్పుల్లో లోహపు పనితనం ఉంది. కానీ చుట్టుపక్కల ఒక్క యంత్రం లేదు, పని చేసే మనిషి లేడు. మరి ఈ చెప్పులు ఎవరు చేస్తున్నారు? అతనికే ఆ అనుమానం వస్తుంది. అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టండి, ఆ తర్వాత కథంతా ఆ ప్రశ్న వెంటే నడుస్తుంది. నేల కింద చీకట్లో మోర్లాక్‌లు ఉన్నారు, యంత్రాలు వాళ్ల దగ్గరే ఉన్నాయి. పాత అలవాటు కొద్దీ పైవాళ్లకు బట్టలు అందిస్తారు, చీకటి రాత్రుల్లో పైకొచ్చి వాళ్లనే పట్టుకుపోయి తింటారు.

ముంబై బస్సెక్కే వాళ్లున్న ఇళ్లు కోస్గి, నారాయణపేట వైపు ఎన్నో ఉన్నాయి. గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని డ్యాములకు, కాలువలకు, అపార్ట్‌మెంట్లకు మట్టి మోసింది ఎవరో ఆ ఇళ్ల పిల్లలకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఆ తెలివిడితోనే నవల చదవండి. అయితే ఒక జాగ్రత్త. మోర్లాక్‌లంటే మన కూలీలే అని రాస్తే పొరపాటు. పనిచేసే మనుషుల్ని తరతరాలుగా కంటికి కనపడకుండా కిందికి నెడితే పైవాళ్లకు బుద్ధీ బలమూ పోతాయి, కిందివాళ్లలో మనిషితనం పోతుంది. వెల్స్ భయం అది. ఆ భయంలో కిందివాళ్ల మీద కొంత ఏవగింపు కూడా ఉంది. దాన్ని దాచకుండా రాయండి, రచయిత మీద గౌరవం తగ్గదు. ఆయన తల్లి అప్‌పార్క్ అనే పెద్ద బంగళాలో హౌస్‌కీపర్. అక్కడ పనివాళ్ల రాకపోకలకు నేల కింద సొరంగాలు ఉండేవి. వెల్స్ బట్టల కొట్టులో అప్రెంటిస్‌గా చేసి, తర్వాత టి.హెచ్. హక్స్‌లీ దగ్గర జీవశాస్త్రం చదివాడు. జీవితం గురించి జవాబులో ఇంతకన్నా అక్కర్లేదు.

రెండో పని, కథ చెప్పేవాడి ఊహలకు నంబర్లు వేయడం. కాలయాత్రికుడు మొదట ఇది అందరూ సమానంగా బతికే లోకం అనుకుంటాడు. మోర్లాక్‌లను చూశాక, పెట్టుబడిదారుకూ కూలీకీ మధ్య పెరిగిన దూరమే ఇలా తేలిందంటాడు. మాంసం సంగతి తెలిశాక, ఇలోయ్‌లు మేపి పెంచిన పశువులని గ్రహిస్తాడు. చివరికి తన వివరణ కూడా తప్పు కావచ్చని ఒప్పుకుంటాడు. ఊహ మారిన ప్రతిచోటా ఏ సంగతి దాన్ని మార్చిందో మార్జిన్‌లో రాసుకోండి. ఎక్కువ మార్కులు తెచ్చే పేరాలు అక్కడే పుడతాయి.

'ది ఇన్విజిబుల్ మ్యాన్' (1897)లో డబ్బు వెంట వెళ్లండి. గ్రిఫిన్, మనిషిని కంటికి కనపడకుండా చేసే తన పరిశోధన కోసం తండ్రి దగ్గర దొంగిలిస్తాడు. ఆ డబ్బు తండ్రిది కాదు, అతను తుపాకీతో కాల్చుకుని చనిపోతాడు. కొడుక్కి జాలి కూడా కలగదు. ఆ పేజీ దగ్గర ఆగి నెమ్మదిగా చదవమని నేను ప్రతి బ్యాచ్‌కూ చెప్తాను, ఎందుకంటే అతను మాయం కాకముందే మనుషులు అతని కళ్లకు కనపడటం మానేశారు. చివర్లో అతన్ని ఆపేదెవరో కూడా చూడండి. పోలీసు కాదు, శాస్త్రవేత్త కాదు. పార పట్టుకున్న మట్టిపని కూలీ ముందుంటాడు, వెనక జనం.

'ది వార్ ఆఫ్ ది వరల్డ్స్' (1898)కు మొదటి అధ్యాయమే తాళంచెవి. భూమి మీద దాడికొచ్చిన మార్స్ గ్రహం వాళ్లను తిట్టేముందు, యూరప్ వలసదారులు టాస్మానియా మూలవాసులను ఏం చేశారో గుర్తు చేసుకోమంటాడు కథకుడు. వాళ్లు పూర్తిగా అంతరించారన్నది ఆ కాలపు నమ్మకం, వాళ్ల వారసులు నేటికీ ఉన్నారు. జవాబులో ఈ మాట చేర్చండి. తర్వాత ఫిరంగిదళ సైనికుడి దగ్గర మీ థీమ్‌ను పరీక్షించండి. బలవంతులే బతకాలని, డ్రైనేజీల్లో కొత్త జాతిని కట్టాలని అతను గొప్ప ప్లాన్లు చెప్తాడు. తీరా చూస్తే వారం రోజుల్లో తవ్వింది పది గజాలు. ఆ తర్వాత షాంపేన్, పేకాట. అతన్ని హీరో చేసే జవాబు నవలకు ఎదురు వెళ్తుంది. మార్స్ వాళ్లను చంపింది సూక్ష్మజీవులే తప్ప మనిషి వీరత్వం కాదు.

'ది ఐలాండ్ ఆఫ్ డాక్టర్ మోరో' (1896) ఆఖరున చదవండి, కొంచెం గుండె దిటవు కావాలి. అక్కడ ఒక్కటే చూడండి: మోరో జంతువులను కోసి కుట్టి తయారుచేసిన జంతుమానవులు వల్లించే చట్టం ఎవరికి పనికొస్తోంది?

ఇక రాసేటప్పుడు థీమ్‌ను ఒక్క పేరుగా వదలకుండా క్రియ ఉన్న వాక్యంగా రాయండి. 'సామ్రాజ్యవాదం' అని రాసి ఆగకండి. 'తాము ఇతరులకు చేసింది తమకు జరిగినప్పుడు ఇంగ్లండ్ మనుషులు ఎలా పరిగెత్తారో ఈ నవల చూపిస్తుంది' అని రాయండి. దాని కింద రెండు సన్నివేశాలు మీ మాటల్లో పెట్టండి, మూడోదిగా మీ వాక్యానికి అడ్డం తగిలే సన్నివేశాన్ని తీసుకుని దానికి జవాబు చెప్పండి. గైడులో ఆ మూడోది ఉండదు.