గోబర్ గ్యాస్‌తో ఫ్యూయల్ సెల్: కష్టమంతా స్టాక్‌కు ముందే

గోబర్ గ్యాస్‌ను చిన్న జనరేటర్‌లో మండిస్తే అందులోని శక్తిలో పావు వంతు కరెంటుగా రావడమే గొప్ప. అదే గ్యాస్‌ను రిఫార్మ్ చేసి (అంటే వేడిలో ఆవిరితో హైడ్రోజన్, కార్బన్ మోనాక్సైడ్‌గా విడగొట్టి) సాలిడ్ ఆక్సైడ్ ఫ్యూయల్ సెల్‌కు (ఇంధనాన్ని మండించకుండా నేరుగా కరెంటుగా మార్చే, బాగా వేడి మీద పనిచేసే పరికరానికి) పంపితే సగం దాకా వస్తుంది. కాకపోతే ఇంజిన్ ఓర్చుకునే మురికిని సెల్ ఓర్చుకోదు, కాబట్టి గ్యాస్ స్టాక్‌ను (సెల్స్ పేర్చిన దొంతరను) చేరేముందే దాన్ని శుభ్రం చేయాలి.

ముందు లెక్క చూడండి. 60% మీథేన్ ఉన్న తడి గ్యాస్ 30 డిగ్రీల దగ్గర ఘనమీటరుకు సుమారు 5.2 యూనిట్ల శక్తినిస్తుంది. అందులో సగం కరెంటవుతుందనుకుంటే, నికరంగా ఒక కిలోవాట్ రావడానికి గంటకు 0.39, రోజుకు 9.3 ఘనమీటర్లు కావాలి. కిలో పచ్చి పేడకు 0.04 ఘనమీటరు చొప్పున రోజుకు 235 కిలోల పేడ, అంటే పాతిక పశువుల డెయిరీ. చలికాలంలో డైజెస్టర్ (పేడ పులిసి గ్యాస్ వచ్చే తొట్టి) మందగిస్తుంది కాబట్టి 30 పశువులుంటేనే దిగండి.

గంధకం

పేడ గ్యాస్‌లో గంధకం ఉండే హైడ్రోజన్ సల్ఫైడ్ 1000 నుంచి 3000 పీపీఎం (పది లక్షల పాళ్లలో అన్ని పాళ్లు) ఉండటం మామూలే. కోళ్ల పెంట కలిపితే ఇంకా పెరుగుతుంది. సెల్‌లోకి 1 పీపీఎం కూడా పోకూడదు, 0.1కి దించితే నిశ్చింత. 2000 పీపీఎం ఉంటే పై లెక్కన రోజుకు 24 గ్రాముల సల్ఫైడ్‌ను పట్టాలి. ఐరన్ ఆక్సైడ్ గుళికలు తమ బరువులో 15% పడతాయనుకుంటే నెలకు 5 కిలోలు కావాలి. అమ్మేవాళ్లు ఇంతకన్నా పెద్ద అంకె చెప్తారు, దాన్ని నమ్ముకోకండి.

గుళికలను రెండు డబ్బాల్లో నింపి వరసగా పెట్టండి, మధ్యలో చిన్న కుళాయి ఉంచండి. రోజూ అక్కడ తడిపిన లెడ్ అసిటేట్ కాగితం పట్టండి. అది గోధుమరంగుకు తిరిగిందంటే మొదటి డబ్బా అయిపోయినట్టే. దాన్ని తీసేసి, రెండోదాన్ని ముందుకు జరిపి, కొత్తది వెనక పెట్టండి. తీసిన గుళికలను పొడిగా కుప్ప పోస్తే గాలి తగిలి వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి, తడిపి ఉంచండి.

మిగిలిన కాస్త గంధకాన్ని 350 డిగ్రీల దగ్గర జింక్ ఆక్సైడ్ పడుతుంది. ఐరన్ ఆక్సైడ్‌కు తడి కావాలి, జింక్ ఆక్సైడ్‌కు తడి పడదు. అందుకే రెంటికీ మధ్య గ్యాస్‌ను చల్లార్చి నీళ్లు దింపాలి. మురుగునీటి ప్లాంటు గ్యాస్ అయితే షాంపూలు, క్రీముల నుంచి వచ్చే సైలోక్సేన్లకు (సిలికాన్ సమ్మేళనాలకు) యాక్టివేటెడ్ కార్బన్ కూడా కావాలి. పేడ గ్యాస్‌కు ఆ బెడద లేదు.

రిఫార్మర్

అల్యూమినా మీద నికెల్ క్యాటలిస్ట్ (చర్యను వేగంగా జరిపించే పదార్థం), 750–800 డిగ్రీలు. గ్యాస్‌లో ఉన్న కార్బన్ డయాక్సైడే కొంత మీథేన్‌ను విడగొడుతుంది. దాన్నొక్కదాన్నే నమ్ముకుంటే మసి పేరుకుంటుంది, ఆవిరి కలపాల్సిందే. పై కిలోవాట్‌కు గంటకు 320 మిల్లీలీటర్ల డీఅయనైజ్డ్ (లవణాలు తీసేసిన) నీళ్లు చాలు. కుళాయి నీళ్లు పోస్తే ఉప్పు కట్టి ఆవిరి గొట్టం మూసుకుపోతుంది. మీటరులో సెల్ వోల్టేజి అలలా ఊగుతోందా? నీళ్లు చుక్కచుక్కగా పడి ఒక్కసారిగా ఆవిరవుతున్నాయన్నమాట. గొట్టంలో స్టీలు పీచు కూరితే చాలావరకు సర్దుకుంటుంది.

రిఫార్మర్ నుంచి స్టాక్‌కు వెళ్లే గొట్టం ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. గ్యాస్ 500–650 డిగ్రీల మధ్యకు చల్లారితే కార్బన్ మోనాక్సైడ్ అక్కడే మసిగా మారుతుంది, స్టీలును కూడా తినేస్తుంది.

మొదలుపెట్టడం, ఆపడం

5% హైడ్రోజన్, 95% నైట్రోజన్ పారిస్తూ నిమిషానికి 1–2 డిగ్రీల చొప్పున వేడెక్కించండి. రిఫార్మర్ 750 దాటాక ముందు ఆవిరి, ఆ తర్వాతే బయోగ్యాస్. ఆపేటప్పుడు వరస తిరగబడుతుంది: ముందు బయోగ్యాస్, కొన్ని నిమిషాలకు ఆవిరి. హైడ్రోజన్ మిశ్రమం మాత్రం సెల్ 300 డిగ్రీలకు దిగేదాకా పారుతూనే ఉండాలి. లేకపోతే సెల్‌లోని నికెల్ మళ్లీ ఆక్సైడై ఉబ్బి, సెల్‌ను పగలగొడుతుంది. కరెంటు పోయినా ఈ హైడ్రోజన్ మిశ్రమం సిలిండర్ వాల్వు తానే తెరుచుకునేలా పెట్టండి. స్టాకులు ఎక్కువగా పోయేది ఇక్కడే.

40 సెల్స్ స్టాక్ అయితే 32 వోల్టుల దగ్గర 36 ఆంపియర్లు తీయండి. ఇంధనంలో 75% వాడినట్టు లెక్క. బ్లోయర్లు, ఇన్వర్టర్ పోను కిలోవాట్ మిగులుతుంది. ఒక్కో సెల్ వోల్టేజిని 0.7 కన్నా కిందికి లాగకండి.

వోల్టేజి ఉన్నట్టుండి పడి ఒకచోట నిలిచిందంటే గంధకం దాటిందన్నమాట. శుభ్రమైన గ్యాస్ పారిస్తే చాలావరకు కోలుకుంటుంది. రిఫార్మర్ ముందు ప్రెషర్ పెరుగుతుంటే అది మసి: ఆవిరి పెంచండి. లోడ్ లేనప్పుడే వోల్టేజి తక్కువుంటే సీలు కారుతోంది, లేదా సెల్ చిట్లింది. అప్పుడు వెంటనే ఆపి బయటికి రండి. కారే గ్యాస్‌లో వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దాని అలారం లేని గదిలో ఈ యంత్రాన్ని అసలు ఆన్ చేయొద్దు.