బావి ఈత నుంచి స్కూబా ఇన్‌స్ట్రక్టర్ దాకా: అండమాన్‌లో పని చేయాలనుకునే నల్లగొండ, పాలమూరు పిల్లలకు

మన పల్లెల్లో ఈత అంటే బావే. నడుముకు సొరకాయ బుర్రో ప్లాస్టిక్ డబ్బానో కట్టుకొని, గట్టు మీంచి దూకి నేర్చుకుంటారు. నీళ్లంటే భయం పోవడానికి అంతకు మించిన బడి లేదు. కానీ ఆ బావిలోనే ఒక అలవాటు ఒంటికి పట్టేస్తుంది: ముక్కు మూసుకొని, ఊపిరి బిగబట్టి మునగడం. స్కూబాలో, అంటే వీపున గాలి సిలిండర్ కట్టుకొని చేసే డైవింగ్‌లో, ప్రాణం మీదికి తెచ్చేది సరిగ్గా అదే. ఇన్‌స్ట్రక్టర్ కావాలనుకునేవాళ్లు మొదట తాము మానుకోవాలి, తర్వాత రోజూ పక్కవాళ్లతో మాన్పించాలి.

ఎందుకో లెక్క చూడండి. సముద్రంలో ప్రతి 10 మీటర్లకు, అంటే సుమారు పదకొండు గజాలకు, ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. బావిలో పైన పీల్చిన గాలితో మునిగితే అది లోపల కుంచించుకుపోయి, పైకొచ్చేసరికి మళ్లీ మామూలవుతుంది. సిలిండర్ గాలి అలా కాదు. 10 మీటర్ల దగ్గర నిండుగా పీల్చి, ఊపిరి బిగబట్టి పైకొస్తే ఆ గాలి రెండింతలవుతుంది. ఊపిరితిత్తులు చిట్లుతాయి. మీటరున్నర లోతు నుంచి లేచినా ఈ ప్రమాదం ఉంది కాబట్టి ఈత కొలనులోనూ మినహాయింపు లేదు.

చదువు తొవ్వ ఇలా ఉంటుంది. ప్యాడీ (డైవింగ్ నేర్పి సర్టిఫికెట్ ఇచ్చే అంతర్జాతీయ సంస్థ) పద్ధతిలో మొదట ఓపెన్ వాటర్ (18 మీటర్ల వరకు), తర్వాత అడ్వాన్స్‌డ్ (30 మీటర్ల వరకు), ప్రథమ చికిత్స, రెస్క్యూ, డైవ్‌మాస్టర్, ఆఖరుకు ఇన్‌స్ట్రక్టర్ శిక్షణ, పరీక్ష. డైవ్‌మాస్టర్‌కు 18 ఏళ్లు నిండాలి. ఆ కోర్సు మొదలుపెట్టడానికి 40 డైవ్‌లు, పూర్తి చేయడానికి 60, ఇన్‌స్ట్రక్టర్ పరీక్షకు 100 డైవ్‌లు లాగ్‌బుక్‌లో ఉండాలి. మొదటి సర్టిఫికెట్ వచ్చి ఆరు నెలలు కాకుండా ఇన్‌స్ట్రక్టర్ శిక్షణకు తీసుకోరు. అండమాన్‌కు డైవింగ్ సీజన్ మొదలవకముందే చేరి, రెండో సీజన్‌లో పరీక్ష రాసేలా లెక్క వేసుకోవడం మంచిది. నెలన్నరలో అన్నీ అయిపోతాయని ఎవరైనా చెబితే నమ్మొద్దు. ఫీజు అడిగేటప్పుడు కోర్సు, పుస్తకాలు, పరీక్ష ఫీజు, ఏటేటా కట్టే సభ్యత్వం, బీమా దేనికది విడిగా రాయించుకోండి. పరీక్ష ఫీజు కోర్సు ఫీజులో కలవదన్న సంగతి చాలామందికి చివర్లో తెలుస్తుంది.

డైవ్‌మాస్టర్ ఈత పరీక్షల్లో 400 మీటర్లు ఆగకుండా ఈదాలి, 15 నిమిషాలు నీళ్లలో తేలుతూ నిలబడాలి, స్నార్కెల్‌తో (నీటిపైకి ఉండే ఊపిరి గొట్టం) 800 మీటర్లు పోవాలి, ఇంకో మనిషిని 100 మీటర్లు లాక్కురావాలి. బావి ఈత చేతుల బలం ఇస్తుంది గానీ దూరం ఈదే దమ్ము ఇవ్వదు. అందుకు ఈత కొలనులో మూడు నెలలు కొలత పెట్టుకొని సాధన చేయాలి. సాగర్ కాలువలో మాత్రం వద్దు. సిమెంటు ఒడ్డు నున్నగా, ఏటవాలుగా ఉంటుంది, ఒరవడి ఆగదు. గజ ఈతగాడికి కూడా పట్టు దొరకదు. సముద్రం ఒకసారి చూసి రావాలంటే విశాఖ రుషికొండ ఉంది.

బయల్దేరేముందు డాక్టర్ సంతకంతో ఆరోగ్య పత్రం తప్పనిసరి. ఆస్తమా, చెవి ఆపరేషన్, గుండె జబ్బు ఏదీ దాచొద్దు. మర్రిగూడ వంటి ఫ్లోరైడ్ ఊళ్ల నుంచి వచ్చేవాళ్లకు ముందునుంచే కీళ్ల నొప్పులు ఉంటే అదీ చెప్పాలి. రక్తంలో నైట్రోజన్ బుడగలు కట్టే డైవింగ్ జబ్బు కూడా కీళ్ల నొప్పితోనే మొదలు కావచ్చు. పాత నొప్పేలే అనుకుంటే చికిత్స ఆలస్యమవుతుంది.

ఇక పని. అండమాన్‌లో డైవింగ్ ఎక్కువగా హేవ్‌లాక్‌లో, అంటే 2018లో స్వరాజ్ ద్వీప్ అని పేరు మార్చిన దీవిలో. సీజన్ అక్టోబర్ నుంచి మే వరకు. రోజు తెల్లారకముందే మొదలవుతుంది. ఖాళీ సిలిండరే 14 కిలోలు, రోజుకు ఇరవై మోస్తారు. పడవ ఎప్పుడు కదలాలో గడియారం చెప్పదు, పోటూ ఆటూ చెబుతాయి.

సిలిండర్ బిగించే తీరు చేతికి వచ్చేయాలి. వాల్వ్‌లో ఓ-రింగ్ (రబ్బరు ఉంగరం) ఉందా, పగిలిందా చూడాలి. వాల్వ్ ఒక్క క్షణం తెరిచి తేమ ఊదేయాలి. బీసీడీ జాకెట్ (గాలి నింపి తేలడానికి, తీసి మునగడానికి వేసుకునేది) పట్టీని ముందు తడిపి, అప్పుడు బిగించాలి. పొడిగా బిగిస్తే నీళ్లలో నాని వదులై, సిలిండర్ జారిపోతుంది. సిలిండర్ గాలిని నోటికి అందించే రెగ్యులేటర్‌లో వాల్వ్‌కు తగిలించే భాగం ఫస్ట్ స్టేజ్; దాని మరను వేళ్ల బిగువుతో తిప్పితే చాలు. సిలిండర్‌లో గాలి ఎంతుందో చూపే గేజ్ అద్దాన్ని మొహానికి దూరంగా తిప్పి వాల్వ్ మెల్లగా పూర్తిగా తెరవాలి. తర్వాత గేజ్ చూస్తూ నాలుగుసార్లు పీల్చాలి. పీల్చినప్పుడల్లా ముల్లు కిందికి ఊగి మళ్లీ పైకొస్తుంటే వాల్వ్ సగమే తెరుచుకుందని అర్థం. పైన నిలబడి ఉన్నప్పుడు ఆ సగం వాల్వ్ గాలి సరిపోతుంది, 12 మీటర్ల దగ్గర సరిపోదు. ఈ ఒక్క పరీక్షను ఏ రోజూ వదలొద్దు.

గాలి లెక్క నోటికి రావాలి. 11 లీటర్ల సిలిండర్‌లో 200 బార్ పీడనం అంటే 2200 లీటర్లు. 50 బార్ మిగిల్చి పైకి రావాలి కాబట్టి వాడుకునేది 1650. నిమ్మళంగా ఉన్న మనిషి పైన నిమిషానికి 20 లీటర్లు తీసుకుంటే 10 మీటర్ల దగ్గర 40. అంటే 41 నిమిషాలు. భయపడ్డ కొత్తవాళ్లు దీనికి రెట్టింపు లాగేస్తారు. వాళ్ల గేజ్‌ను రెండు మూడు నిమిషాలకోసారి మీరే చూడాలి.

మునగడానికి ఒంటికి కట్టుకునే సీసం బరువు హైదరాబాద్ కొలనులో సరిపోయినంత సముద్రంలో చాలదు. ఉప్పునీళ్లు రెండున్నర శాతం బరువెక్కువ. సామానుతో కలిపి 100 కిలోలున్న మనిషికి మరో రెండున్నర కిలోలు కావాలి. జాకెట్ ఖాళీ చేసి, మామూలు ఊపిరితో నిలబడితే నీళ్లు కళ్ల మట్టానికి రావాలి, ఊపిరి వదిలితే మునగాలి. నిండు సిలిండర్‌తో చూస్తే ఇంకో రెండు కిలోలు కలపండి, ఎందుకంటే డైవ్ చివరికి ఖర్చయిన గాలి బరువు అంత తగ్గుతుంది.

తెలుగు వచ్చిన ఇన్‌స్ట్రక్టర్‌కు అక్కడ విలువ ఉంది. మొదటిసారి దిగేవాళ్లలో మనవాళ్లు చాలామంది, ఈత రానివాళ్లే ఎక్కువ. నడుము లోతు నీళ్లలో నిలబెట్టి నాలుగు ముక్కలు చెప్పండి: "అక్కా, నోటితోనే ఊపిరి. ఎక్కడా ఆపొద్దు. చెవి నొప్పి రాకముందే ముక్కు పట్టుకొని మెల్లగా ముక్కులోకి గాలి ఊదండి. ఏదైనా ఇబ్బందైతే నా చెయ్యి నొక్కండి." బొటనవేలు సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. మన దగ్గర బొటనవేలు పైకెత్తితే సూపర్ అని. నీళ్లలో ఆ సైగకు పైకి పోదాం అని అర్థం. చేపను చూసి సంబరపడి వేలెత్తిన మనిషిని పైకి తీసుకుపోవాల్సి వస్తుంది. బాగుంటే బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి.

మాస్క్‌లో నీళ్లు వస్తే కొత్తవాళ్లు ముక్కుతో పీల్చి, ఉక్కిరిబిక్కిరై రెగ్యులేటర్ ఊడబీకేస్తారు. అందుకే మీటరు లోతులోనే నేర్పాలి: మాస్క్ పై అంచు నొసటికి అదిమి, తల కొద్దిగా ఎత్తి, ముక్కుతో నిదానంగా ఊదడం. మగవాళ్లకు మీసం దగ్గర నీళ్లు కారుతుంటాయి. ముక్కు కింద వెంట్రుకలు కొంచెం కత్తిరించినా, సన్నగా సిలికాన్ గ్రీజు రాసినా ఆగుతుంది. కొబ్బరినూనె పెట్టిన జడ మీద పట్టీ జారుతుంది, ముందురోజే చెప్పి ఉంచండి. దిగాక మీ చెయ్యి వాళ్ల సిలిండర్ వాల్వ్ దగ్గరే ఉండాలి. ఒక్కసారిగా పైకి లేవబోయినా పట్టుకోవడానికి అదే చోటు.

చెవి తెరుచుకోకపోతే బలంగా ఊదించకండి. ఒక మీటరు పైకి తెచ్చి మళ్లీ ప్రయత్నించండి. అప్పటికీ కాకపోతే డైవ్ ఆపేయండి. బావి అడుగుకు బొక్కెన కోసం మునిగినప్పుడు చెవి పొడిచినట్లు అయ్యేది ఇదే. జలుబుతో ఎవరినీ దింపొద్దు, మీరూ దిగొద్దు. మాత్ర వేసుకొని దిగితే లోపల దాని పని అయిపోయాక పైకొచ్చేటప్పుడు గాలి చిక్కుకుంటుంది.

పైకి రావడం నిమిషానికి 9 మీటర్లు మించకుండా, 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగి. కొత్తవాళ్లను తిప్పే ఇన్‌స్ట్రక్టర్ రోజుకు పదిసార్లు పైకీ కిందికీ ఎక్కి దిగుతాడు. అసలు దెబ్బ అక్కడ తగులుతుంది. లోతు తక్కువే కదా అని డైవ్ కంప్యూటర్ (లోతు, సమయం లెక్క చూపే పరికరం) గదిలో వదలొద్దు. నీళ్లు బాగా తాగాలి. డైవ్ తర్వాత భుజమో మోకాలో నొప్పి, తిమ్మిరి, విపరీతమైన అలసట వస్తే పడుకోబెట్టి నూరు శాతం ఆక్సిజన్ పెట్టి, శ్రీ విజయపురం (పాత పోర్ట్ బ్లెయిర్) నేవీ ఆసుపత్రి ఐఎన్‌హెచ్‌ఎస్ ధన్వంతరికి చేర్చాలి. పీడన చికిత్స గది అక్కడ ఉంది. మళ్లీ నీళ్లలోకి దింపి తగ్గించాలని చూడొద్దు.

సాయంత్రం సామాను కడిగేటప్పుడు ఫస్ట్ స్టేజ్ మూత పెట్టాకే ముంచాలి. నీళ్లలో ఉండగా రెగ్యులేటర్ నోటి భాగం మీది పర్జ్ బటన్ నొక్కితే నీళ్లు గొట్టంలోంచి లోపలికి పోతాయి. మీ చెవుల్లో కూడా మంచినీళ్లు పోసి ఆరబెట్టుకోండి. ఈ వృత్తిలో ఎక్కువమందిని మంచానికి అంటించేది చెవిలో చీము పట్టడమే.

జీతం చాలాచోట్ల డైవ్ లెక్కన ఉంటుంది. వసతి, భోజనం, వానకాలంలో ఏమిస్తారు అన్నవి కాగితం మీద రాయించుకోండి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా పడవలు చాలావరకు ఒడ్డునే ఉంటాయి. ఆ నాలుగు నెలల ఖర్చు సీజన్‌లోనే దాచుకోవాలి. చివరి డైవ్‌కూ హైదరాబాద్ విమానానికీ మధ్య కనీసం 18 గంటలు ఉండాలి, టికెట్ దాన్ని బట్టే కొనండి.