మిశ్రచాపులో రెండు వోల్కాలు: ఇంట్లో వాయించి వీడియో తీయడం

కోర్గ్ కంపెనీ 2013లో తెచ్చిన చిన్న ఎలక్ట్రానిక్ వాయిద్యాలు వోల్కా బీట్స్ (డ్రమ్ మెషీన్), వోల్కా బాస్ (లోతైన స్వరాల సింథసైజర్) రెండూ చేతిలో ఉంటే చిన్న బల్ల మీదే పూర్తి పాట కట్టొచ్చు. ఒక్కోదానికి ఆరు ఏఏ బ్యాటరీలు కావాలి, లేదంటే 9 వోల్టుల అడాప్టర్. అడాప్టర్ పిన్ను మధ్యలో ప్లస్ ఉండాలి. గిటార్ పెడళ్ళ అడాప్టర్లలో ఎక్కువవాటికి మధ్యలో మైనస్ ఉంటుంది, వాటికి కన్వర్టర్ పిన్ను తగిలించి వాడకండి.

రెండూ ఒకే లయలో నడవడానికి బీట్స్ సింక్ అవుట్ నుంచి బాస్ సింక్ ఇన్‌కి 3.5 మి.మీ. కేబుల్ వేయండి. ముందు బాస్‌లో ప్లే నొక్కితే అది కదలకుండా కాచుకుని ఉంటుంది. ఆ తర్వాతే బీట్స్‌లో ప్లే నొక్కాలి. వరుస తారుమారైతే బాస్ కొన్ని స్టెప్పులు (చుట్టులో వరుసగా మోగే గడులు) పక్కకి జరిగి, ఆపేదాకా అలాగే నడుస్తుంది.

వోల్కాలో 16 స్టెప్పులు ఉంటాయి కాబట్టి అందరూ ఆదితాళంలాంటి నడకలోనే ఆగిపోతారు. చివరి రెండు స్టెప్పులు తీసేస్తే 14 మిగులుతాయి, అంటే ఏడు దెబ్బల మిశ్రచాపు, దెబ్బకి రెండు స్టెప్పులు. ఫంక్ (FUNC) బటన్ పట్టుకుని యాక్టివ్ స్టెప్ నొక్కి 15, 16 ఆర్పేయండి. కిక్‌ని (పెద్ద డ్రమ్ దెబ్బని) 1, 7, 11 స్టెప్పుల్లో పెడితే 3+2+2 నడక చక్కగా వినబడుతుంది. బాస్‌లోనూ ఇదే చేయాలి. మరచిపోతే బీట్స్ 14 స్టెప్పుల్లో, బాస్ 16 స్టెప్పుల్లో తిరిగి, రెండూ మళ్ళీ ఒకటో స్టెప్పులో కలవడానికి 112 స్టెప్పులు పడుతుంది. కావాలని చేస్తే అదీ బాగుంటుంది.

ఇక శబ్దం. ఫోన్ మైకుతో గాలిలోంచి పట్టకండి. వోల్కా చిన్న స్పీకర్లో బాస్ ఉండదు, బటన్ల టకటక మాత్రం పడుతుంది. రెండు లైన్ ఇన్‌పుట్లున్న ఆడియో ఇంటర్‌ఫేస్ (వాయిద్యం శబ్దాన్ని కంప్యూటర్‌కి పంపే పెట్టె) చాలు. ఎక్కువమంది పొరబడేది కేబుల్ దగ్గరే. వోల్కా హెడ్‌ఫోన్ అవుట్ స్టీరియో, ఇంటర్‌ఫేస్ ఇన్‌పుట్ బ్యాలెన్స్‌డ్, అంటే జాక్‌లోని రెండు సిగ్నళ్ళ తేడానే తీసుకుంటుంది. రెండు కొసలా స్టీరియో జాక్ ఉన్న కేబుల్ వేస్తే ఇంటర్‌ఫేస్ ఎడమలోంచి కుడిని తీసేస్తుంది. బాస్ రెండు చానెళ్ళలోనూ ఒకే శబ్దం పంపుతుంది కాబట్టి మిగిలేది దాదాపు నిశ్శబ్దం. పాడైంది సింథ్ కాదు. ఒక కొస 3.5 మి.మీ. స్టీరియో, రెండో కొస రెండు 6.35 మి.మీ. మోనో జాక్‌లుగా చీలిన కేబుల్ కొనండి. ఒక్కో వోల్కా నుంచి ఒక్క మోనో జాకే వాడితే రెండూ వేరువేరు ట్రాకుల్లో పడతాయి, తర్వాత మిక్స్ చేసుకోవచ్చు.

ఇంటర్‌ఫేస్‌లో గెయిన్ (లోపలికొచ్చే శబ్దం స్థాయి) పెట్టేటప్పుడు వోల్కా బాస్ మీది పీక్ నాబ్ పూర్తిగా తిప్పి చూడండి, అప్పుడు కూడా మీటర్ మైనస్ 12 డెసిబెళ్ళు దాటకూడదు. రికార్డింగ్ 48 కిలోహెర్ట్జ్‌లో చేయండి. గుయ్యిమనే హమ్ వస్తే వోల్కాలను బ్యాటరీల మీద నడిపి, ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకి చూడండి. చాలాసార్లు అక్కడితో పోతుంది.

ఫోన్‌ని స్టాండుకి బిగించి పైనుంచి తీయండి. ఏరోప్లేన్ మోడ్ పెట్టండి. ఎక్స్‌పోజర్ లాక్ చేయకపోతే ఎల్ఈడీలు వెలిగినప్పుడల్లా వీడియో వెలుతురు ఊగుతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి షట్టర్ 1/50 లేదా 1/100 ఉంచితే బల్బుల చారలు రావు. అమెరికాలో 60 హెర్ట్జ్, అక్కడ 1/60.

వీడియోని ఆడియోతో కలపడానికి గుర్తుగా చప్పట్లు కొడదామంటే అవి లైన్ రికార్డింగులో పడవు. అందుకే మొదలుపెట్టే ముందు బీట్స్ స్నేర్ ప్యాడ్ రెండుసార్లు తట్టండి. వీడియోలో వేలు తగిలిన ఫ్రేమునీ ఆడియోలో లేచిన మొనలనీ కలిపేస్తే సరి. మొదట్లో కలిసినా పోనుపోను ఎడం పెరుగుతోందంటే ఫోన్ ఫ్రేమ్ రేటు నిలకడగా లేదన్నమాట. ఎడిటింగుకి ముందే హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్చే సాఫ్ట్‌వేర్‌లో కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్‌కి మార్చుకోండి.

చూసేవాళ్ళలో చాలామంది ఫోన్ స్పీకర్లోనే వింటారు, అందులో లోతైన స్వరాలు పలకవు. బాస్‌లోని మూడు ఆసిలేటర్లలో (స్వరాన్ని పుట్టించే భాగాల్లో) ఒకదాన్ని ఒక ఆక్టేవ్ (ఒక స్థాయి) పైకి ఎత్తి, పై స్వరాలను ఆపే కటాఫ్ నాబ్ కొంచెం తెరవండి. యూట్యూబ్ గట్టి శబ్దాన్ని సుమారు మైనస్ 14 లఫ్స్‌కి (LUFS, శబ్దం ఎంత గట్టిగా వినబడుతుందో చెప్పే కొలత) దించేస్తుంది, కాబట్టి శబ్దం గట్టిగా ఉండాలని లిమిటర్‌తో నలగ్గొట్టి లాభం లేదు. వీడియో కింద టెంపో, స్టెప్పుల సంఖ్య, నాబులు ఎక్కడ పెట్టారో రాయండి. అది చూసి ఇంకొకరు ఇంట్లో వాయించుకోగలగాలి.