షుగర్ పడిపోయినప్పుడు కుక్కే మోగించే అలారం: ఎలా తయారుచేయాలి?

టైప్ 1 డయాబెటిస్ ఉన్నవాళ్లకు షుగర్ పడిపోతుంటే, శిక్షణ పొందిన కుక్క వాసనతో పసిగట్టి హెచ్చరిస్తుంది. ఈలోగా మనిషి స్పృహ తప్పితే? అప్పుడు కుక్కే ఎవరినైనా పిలవాలి. బ్రిటన్‌లో ఓపెన్ యూనివర్సిటీకి చెందిన క్లారా మాన్సిని బృందం, మెడికల్ డిటెక్షన్ డాగ్స్ సంస్థతో కలిసి సరిగ్గా ఇలాంటి అలారం మీదే పనిచేసింది. మీరూ ప్రయత్నించాలనుకుంటే ఇలా మొదలుపెట్టండి.

1. ముందు కుక్కను గమనించండి. సర్క్యూట్ సంగతి తర్వాత. అది ఆటలో దేన్నైనా నోటితో పట్టి లాగుతుందా, ముక్కుతో తోస్తుందా? అమెరికాలో జార్జియా టెక్ పరిశోధకులు కుక్క తొడుగుకు కొరికేవి, లాగేవి, ముక్కుతో తాకేవి అంటూ రకరకాల సెన్సర్లు అమర్చి చూశారు. ఇంట్లో అలారానికి నా ఓటు తాడుకే. చిన్న బటన్‌ను పంజాతో గురిచూసి నొక్కడం కంటే తాడు లాగడం దానికి చాలా తేలిక.

2. రంగు నీలం గానీ పసుపు గానీ ఎంచుకోండి. ప్రమాదం అనగానే మన చెయ్యి ఎరుపు మీదికే పోతుంది. కానీ కుక్కకు ఎరుపు, ఆకుపచ్చల మధ్య తేడా సరిగా తెలియదు. పచ్చగడ్డిలో పడిన ఎర్ర బంతి కోసం అది తడుముకునేది అందుకే.

3. తాడు కొస దాని నోటి ఎత్తుకు రావాలి. కింద నేల జారకూడదు. తలుపు మూసి ఉన్న గదిలో పెడితే దండగే.

4. లాగగానే మెత్తటి 'టిక్' లాంటి శబ్దం రావాలి, పని అయిందని కుక్కకు తెలియాలి కదా. పెద్ద సైరన్ వద్దు. మనం వినగలిగేది దాదాపు 20,000 హెర్ట్జ్ వరకే, కుక్క 45,000 దాకా వింటుంది. మనకు వినపడని కీచు శబ్దం పరికరంలోంచి వస్తున్నా దానికి టెన్షనే. ఒకసారి బెదిరితే మళ్లీ తాడు దగ్గరికి రాదు.

5. ఆటలో లాగితే? రెండుసార్లు లాగితేనే ఫోన్ వెళ్లేలా పెట్టొచ్చు. కానీ లెక్క తప్పకుండా చూసుకునే భారం కుక్క మీద వేయడం నాకు నచ్చదు. ఒక్కసారి లాగగానే గదిలో చిన్న బీప్ మొదలవ్వాలి. మెలకువగా ఉన్న మనిషి పావు నిమిషంలో ఆపేయొచ్చు. ఆపకపోతే ఇంటివాళ్లకు, పక్కింటివాళ్లకు కాల్ వెళ్లాలి. మన దగ్గరైతే 108కి ఫోన్ చేసి అడిగినవాటికి జవాబు చెప్పడానికి ఒక మనిషి ఉండాలి కాబట్టి, ఆ పని కాల్ అందుకున్నవాళ్లకే వదిలేయండి.

6. ట్రైనర్ సాయంతో, ట్రీట్ ఇస్తూ కొంచెం కొంచెంగా నేర్పించండి. కుక్క వెనకాడితే మొండిదని తిట్టకండి, తాడు మరీ బిగువుగా ఉందేమో, పళ్లకు గుచ్చుకుంటోందేమో చూడండి. అలారం పెట్టాం కదా అని గ్లూకోమీటర్‌ను పక్కన పడేయకండి. తాడు ఎలాగూ నములుతుంది, రెండోది కొని పెట్టుకోండి.