ఫ్రేజల్ వెర్బ్స్: అర్థం ఒక్కటే చాలదు, ‘ఇట్’ ఎక్కడ పెట్టాలో తెలియాలి

‘గివ్’ అంటే ఇవ్వడం, ‘అప్’ అంటే పైకి. ఈ రెండూ తెలిసినా ‘గివ్ అప్’ అంటే మానేయడమని ఊహించలేం. క్రియకు అప్, ఆఫ్, అవుట్ లాంటి చిన్న మాట తగిలి కొత్త అర్థం పుడితే అది ఫ్రేజల్ వెర్బ్. తెలుగులో మనమూ ఇలాంటి పనే చేస్తాం: ‘తిను’ వేరు, ‘తినెయ్’ వేరు. ‘ఈట్ అప్’, ‘యూజ్ అప్’లలో ‘అప్’ ఇచ్చే అర్థం దాదాపు అదే, ఏమీ మిగల్చకుండా పూర్తి చేయడం. అన్నిచోట్లా ఈ లెక్క పనిచేయదు. ‘బ్రింగ్ అప్’ అంటే పిల్లల్ని పెంచడం.

ఎక్కువమంది తడబడేది మాటల వరుస దగ్గర. ‘టర్న్ ఆఫ్ ద ఫ్యాన్’, ‘టర్న్ ద ఫ్యాన్ ఆఫ్’ రెండూ సరైనవే. ఫ్యాన్ బదులు ‘ఇట్’ వాడితే మాత్రం అది మధ్యలోకే రావాలి: ‘టర్న్ ఇట్ ఆఫ్’. ‘టర్న్ ఆఫ్ ఇట్’ తప్పు. ‘లుక్ ఆఫ్టర్’ (బాగోగులు చూసుకోవడం) దీనికి పూర్తిగా వ్యతిరేకం. ‘లుక్ ఆఫ్టర్ హర్’ అనాలి, దాన్ని విడదీయకూడదు. ‘పుట్ అప్ విత్’ (భరించడం) లాంటి మూడు మాటలవాటిని విడదీయకుండానే వాడాలి. ‘లుక్ ఫార్వర్డ్ టు’ (ఆశగా ఎదురుచూడటం) తర్వాత ‘మీట్’ రాస్తే తప్పు, ‘మీటింగ్’ రాయాలి.

మన దగ్గర తరచూ వినిపించే తప్పులు మూడున్నాయి. ‘ఫ్యాన్ ఆఫ్ చెయ్యి’ అనే అలవాటుతో ‘ఆఫ్ ద ఫ్యాన్’ అనేస్తాం. ‘చెయ్యి’ జారిపోయి, ఇంగ్లిష్ వాక్యంలో క్రియే లేకుండా పోతుంది. ‘కోప్ అప్ విత్’లో ‘అప్’ అక్కర్లేదు, తట్టుకోవడం అనే అర్థానికి ‘కోప్ విత్’ చాలు. ‘కీప్ అప్ విత్’, ‘పుట్ అప్ విత్’ నోట్లో నానడం వల్ల అది వచ్చి చేరుతుంది. ఇక డిగ్రీ ‘పాస్ అవుట్’ అయ్యానని బ్రిటన్‌లోనో అమెరికాలోనో చెబితే స్పృహ తప్పి పడిపోయారనుకుంటారు. అక్కడ ‘గ్రాడ్యుయేటెడ్’ అనండి.

నోట్‌బుక్‌లో ‘టర్న్ ఆఫ్ = ఆపు’ అని మాత్రమే రాసుకుంటే సగమే నేర్చుకున్నట్టు. మంచి లెర్నర్స్ డిక్షనరీలో ‘టర్న్ సమ్‌థింగ్ ఆఫ్’, ‘లుక్ ఆఫ్టర్ సమ్‌బడీ’ అని ఉంటుంది. ఆ ‘సమ్‌థింగ్’ మధ్యలో ఉంటే విడదీయవచ్చని గుర్తు. అలాగే దించుకుని, కింద రెండు వాక్యాలు రాయండి: ఒకటి వస్తువు పేరుతో, రెండోది ‘ఇట్’తో. రోజుకు రెండు ఫ్రేజల్ వెర్బ్స్ చాలు. మర్నాడు, మూడో రోజు, వారం తర్వాత పుస్తకం మూసి ఆ వాక్యాలు పైకి చెప్పండి.

‘గెట్’తో వచ్చేవన్నీ ఒకేసారి బట్టీ పట్టకండి, అన్నీ ఒకేలా ఉండి కలగాపులగమైపోతాయి. సందర్భాన్ని బట్టి గుంపు కట్టండి. ఉదాహరణకు ఫోన్: లైన్ కలిస్తే ‘గెట్ త్రూ’, ఎత్తితే ‘పిక్ అప్’, మధ్యలో తెగితే ‘కట్ ఆఫ్’, పెట్టేస్తే ‘హ్యాంగ్ అప్’, తిరిగి చేస్తే ‘కాల్ బ్యాక్’.

ఆఫీసు ఉత్తరంలో ‘పుట్ ఆఫ్’ కన్నా ‘పోస్ట్‌పోన్’ నప్పుతుంది. అలాగని రాతలో అన్నింటినీ తీసేయక్కర్లేదు. ‘క్యారీ అవుట్’, ‘సెట్ అప్’ నివేదికల్లోనూ నిక్షేపంగా వాడతారు.